నాయన పేరున పట్టా, పరుల చేతిలో పొలం
సైబరాబాదు భూములు నేర్పుతున్న వారసత్వ పాఠం

"మా నాయన సచ్చిపోయి పదకొండేండ్లాయె సారూ. పాసుబుక్కు ఇంకా ఆయన పేరు మీదనే ఉన్నది. మేము నలుగురం. ఎవల పేరు మీద రాయించాల్నో తెల్వక ఊకున్నం."

కొండాపూరు, గచ్చిబౌలి వైపు కూలి అడ్డాల మీద పొద్దున్నే కాసేపు నిలబడితే ఇలాంటి మాటలు చెవిన పడతాయి. మాట్లాడే మనిషి చేతిలో తాపీ ఉంటుంది, లేదంటే నెత్తిన తట్ట ఉంటుంది. పాలమూరు నుంచి వచ్చాడు. సొంత ఊళ్లో ఎకరమో, ఎకరంన్నరో మెట్ట. ఇక్కడ ఇరవై అంతస్తుల మేడకు ఇటుక మోస్తున్నాడు. ఆ మేడలో ఏ గది ఎవరిదో మేడ లేవకముందే రిజిస్టరు కాగితం మీద రాసి ఉంటుంది. మోసేవాని ఎకరం మాత్రం చచ్చిపోయిన మనిషి పేరున పడి ఉన్నది.

ఆస్తి పంపకాలు, వీలునామాలు, వారసత్వాలు అనగానే అవన్నీ ఉన్నవాళ్ల గొడవలని మనం తోసిపుచ్చుతాం. ఉన్నవానికి ఆ భయం లేదు. వానికి వకీలున్నాడు, ఆడిటరున్నాడు, ఆఫీసులో తెలిసినవాడున్నాడు. అరెకరం, రెండు గదుల ఇల్లు, సర్కారు ఇచ్చిన జాగా తప్ప మరేమీ లేని కుటుంబానికి ఒక్క కాగితం తప్పితే మిగిలేది సున్న. కనుక ఈ సంగతి కూలివాడికే ఎక్కువ అవసరం. అది ఎంత నిజమో హైటెక్ సిటీ కింద ఉన్న నేలను అడిగితే చెబుతుంది.

మేడల కింది చేలు

1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూరులో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అంతకుముందు మాదాపూరు, రాయదుర్గం, ఖాజాగూడ, నానక్‌రాంగూడ, గచ్చిబౌలి, కోకాపేట అన్నీ పల్లెలే. గుట్టలు, పెద్ద పెద్ద బండలు, వాటి మధ్య జొన్న చేలు, చెరువుల కింద ఇంత వరి. ఆనాడు గోల్కొండ కోటకు నీరు పంపిన దుర్గం చెరువు ఈనాడు మేడల నడుమ ఇరుక్కుని ఉన్నది.

నిజాం కాలంలో నగరం చుట్టూ ఉన్న భూముల్లో చాలా భాగం జాగీర్ల కింద, పాయగాల కింద, నిజాం సొంత సర్ఫేఖాస్ కింద ఉండేవి. దున్నేవాళ్లు కౌలుదార్లు, జీతగాళ్లు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఈ పరిస్థితిని కదిలించింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం వచ్చింది. నిర్ణీత కాలంలో వరుసగా ఆరేళ్లు దున్నిన కౌలుదారును 'రక్షిత కౌలుదారు' అన్నారు. ఊరూరా రిజిస్టర్లు తయారు చేసి పేర్లు ఎక్కించారు. ఆ చట్టంలోని 40వ సెక్షన్ ప్రకారం రక్షిత కౌలుదారు చనిపోతే ఆ హక్కు అతని వారసులకు దిగుతుంది. 38-ఇ సెక్షన్‌ను 1973లో అమలు చేసినప్పుడు, పరిమితులకు లోబడి, దున్నుతున్న రక్షిత కౌలుదార్లకే యాజమాన్య హక్కు వచ్చింది.

కాగితం మీద ఇది గొప్ప విజయమే. అయితే రిజిస్టరులో పేరు పడిన వారందరి చేతికీ సర్టిఫికెట్టు రాలేదు. వచ్చినవాళ్లు కూడా దాన్ని పెట్టెలో దాచుకున్నారు. తాత పోయాడు, తండ్రి పోయాడు. వారసుల పేర్లు ఎక్కించాలని, అంటే విరాసతు చేయించాలని ఎవరికీ తట్టలేదు. పట్వారీ చెప్పలేదు. మనవలు క్వారీల్లో రాళ్లు కొట్టుకుంటూ, నగరంలో కూలి చేసుకుంటూ చెదిరిపోయారు.

భూమి ధర లేచినాక ఆ పాత రిజిస్టర్లను ముందుగా తెరిచి చదివినవాళ్లు దళారులు. ఫలానా సర్వే నంబరులో ఫలానావాడు రక్షిత కౌలుదారని, వాని వారసులు ఫలానా బస్తీలో ఉన్నారని వెదుక్కుంటూ వచ్చారు. నాలుగు కాగితాల మీద వేలిముద్రలు తీసుకున్నారు. వాళ్లు ఇచ్చిన సొమ్ము ఆ కుటుంబాలకు అప్పుడు పెద్దదిగానే కనిపించింది. 2023 ఆగస్టులో కోకాపేటలో ప్రభుత్వం లేఅవుటు చేసి వేలం వేసిన భూమికి ఎకరాకు 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. ఎకరానికి 40 గుంటలు. అంటే గుంట రెండున్నర కోట్లు. ఆ చుట్టుపక్కల నేలను తరాలుగా దున్నిన కుటుంబాల పిల్లలు కొందరు ఈ మేడల దగ్గరే కాపలా ఉద్యోగాలు చేస్తున్నారు. అన్యాయంలో పెద్ద పాలు ధనబలానిది, అధికార బలానిది. కానీ వాళ్లకు దారి ఇచ్చినది మన ఇళ్లలో రాయించుకోని విరాసతు అని కూడా ఒప్పుకోవాలి.

సర్కారు ఇచ్చిన భూమి సంగతి

పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డు భూములపై 1977లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ భూమిని అమ్మకూడదు, కొనకూడదు. అమ్మినా చెల్లదు. అయితే "అమ్మరాదు గనుక మాకు హక్కే లేదు" అని చాలామంది పొరబడుతున్నారు. అసైన్డు భూమి వారసత్వంగా పిల్లలకు వస్తుంది. తండ్రి పోతే భార్యాపిల్లలు తమ పేర్ల మీదికి మార్పించుకోవచ్చు.

దీని విలువ భూసేకరణ జరిగినప్పుడు తెలుస్తుంది. రంగారెడ్డి జిల్లాలో అనేకచోట్ల అసైన్డు భూములను ప్రభుత్వం తిరిగి తీసుకున్నది. ఒకప్పుడు "ఇది సర్కారు భూమే కదా" అని నామమాత్రపు ఎక్స్‌గ్రేషియా చేతిలో పెట్టి పంపేవారు. చేవెళ్ల డివిజన్ నుంచి వచ్చిన కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం ఆ వాదనను కొట్టివేసింది. ప్రజావసరానికి తీసుకుంటే పట్టాదారుతో సమానంగా అసైన్‌దారుకూ పరిహారం ఇవ్వాలన్నది. తీర్పు మనదే, కానీ పరిహారం జాబితా రికార్డును బట్టి తయారవుతుంది. రికార్డులో చనిపోయినవాని పేరు ఉంటే బతికున్నవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ తిరుగుడులోనే దళారి దొరుకుతాడు, సగం తన జేబులో వేసుకుంటాడు.

ఎవరికెంత? ఒక లెక్క

ఒక కుటుంబాన్ని తీసుకుందాం. తండ్రికి 4 ఎకరాలు, అంటే 160 గుంటలు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. తండ్రి తల్లి ముందే గతించింది. వీలునామా రాయకుండా తండ్రి కన్నుమూశాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం రెండు రకాల లెక్కలు వస్తాయి.

ఆ 4 ఎకరాలు తండ్రి కష్టపడి కొన్నవైతే, అది స్వార్జితం. నలుగురికీ సమానం. భార్యకు 40 గుంటలు, ఒక్కొక్క బిడ్డకు 40 గుంటలు. తండ్రి తల్లి బతికి ఉంటే ఆమెకూ ఒక వాటా వస్తుంది. అప్పుడు ఐదు వాటాలై తలా 32 గుంటలు. కొడుకొకడు తండ్రికన్నా ముందే చనిపోయి ఉంటే, వాని భార్యాపిల్లలు కలిసి వాని వాటా తీసుకుంటారు. "మొగుడే పోయినంక నీకేం పాలు?" అని కోడలిని వెళ్లగొట్టడం చట్టవిరుద్ధం.

అదే భూమి తాతల నుంచి వచ్చిన ఉమ్మడి ఆస్తి అయితే లెక్క మారుతుంది. ముందు తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు నలుగురూ తలా 40 గుంటలకు హక్కుదారులు. తండ్రి వంతు 40 గుంటలను మళ్లీ భార్య, ముగ్గురు బిడ్డలు పంచుకోవాలి. తలా 10 గుంటలు. చివరికి ఒక్కొక్క బిడ్డకు 50 గుంటలు, భార్యకు 10 గుంటలు.

ఈ రెండో లెక్కను ఒకసారి ఆగి చూడండి. ముప్పై ఏళ్లు నాట్లు వేసి, కలుపు తీసి, కుప్ప కొట్టిన మనిషికి 160 గుంటల్లో 10 గుంటలు. భర్త తన వంతు 40 గుంటలను వీలునామా ద్వారా భార్యకు రాసి ఉంటే ఆమె ముసలితనంలో ఎకరం ఆమె చేతిలో ఉండేది. ఒక తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు చేయగల పని అది.

ఇతరుల సంగతి కూడా తెలిసి ఉండాలి. ముస్లిం కుటుంబాలకు షరియత్ ప్రకారం వాటాలు: బిడ్డలుంటే భార్యకు ఎనిమిదో వంతు, కొడుకు వాటాలో సగం కూతురికి. వారసుల సమ్మతి లేకుండా మూడో వంతుకు మించి వసియత్ చెల్లదు. క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం: భార్యకు మూడో వంతు, మిగిలినది కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా. హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకు నేరుగా వర్తించదు. దీన్ని అడ్డుపెట్టుకుని గిరిజన స్త్రీకి పాలు లేదనేవాళ్లున్నారు. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో, స్త్రీకి వాటా లేదనే ఆచారాన్ని రుజువు చేయలేనప్పుడు ఆమెకూ సమాన వాటా ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది.

ఆడబిడ్డ సంతకం

"పెండ్లికి కట్నమిచ్చినం, పసుపు కుంకుమ పెట్టినం. ఇంకా భూమిల పాలెందుకు?" ఈ మాట కామందు ఇంట్లోనూ వినిపిస్తుంది, కూలివాని గుడిసెలోనూ వినిపిస్తుంది.

చట్టం నడిచిన దారి ఇది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం చేసింది. 1985 సెప్టెంబరు 5 నుంచి అమలు. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లకు మాత్రం అందలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ దేశమంతటా కూతురికి పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాలా అన్న తగవు చాలాకాలం నడిచింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది: తండ్రి బతికి ఉండనక్కర లేదు, పెళ్లితో హక్కు పోదు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలు, అమ్మకాలు, కోర్టు డిక్రీలు మాత్రం కదలవు. "అప్పుడే నోటిమాటగా పంచుకున్నాం" అంటే సాధారణంగా చెల్లదు.

భూమికి ధర లేనన్నాళ్లు ఆడబిడ్డను అడిగినవాడు లేడు. ఈ ఐటీ దారి పొడుగునా ధర లేవగానే కొనేవాడు "అక్కచెల్లెళ్ల సంతకాలు కావాలి" అన్నాడు. అప్పుడు చీర పెట్టి, పండుగకు పిలిచి, హక్కు విడుదల పత్రం మీద సంతకం అడుగుతున్నారు. అన్నదమ్ములు దాచితే ఆమె కోర్టుకు పోతుంది. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. వకీళ్ల ఫీజులకు ఆ భూమే కరిగిపోతుంది. ముందే పిలిచి వాటా తేల్చుకున్న కుటుంబం నష్టపోయింది లేదు.

అక్కలారా, చెల్లెళ్లారా! ఏ కాగితమైనా చదివించుకోకుండా వేలు పెట్టవద్దు. హక్కు వదులుకోవడం మీ ఇష్టం. కానీ ఎన్ని గుంటలు వదులుకుంటున్నారో తెలిసి వదులుకోండి.

వీలునామా, దానపత్రం, జి.పి.ఏ.

ఈ మూడింటినీ కలిపేసి చాలామంది మోసపోతున్నారు.

వీలునామా చావు తర్వాతే అమలవుతుంది. బతికున్నంత కాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. చివర రాసినదే చెల్లుతుంది. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కరలేదు. రాసే మనిషికి తెలివి స్థిమితంగా ఉండాలి. సంతకం గానీ వేలిముద్ర గానీ ఇద్దరు సాక్షులు చూస్తుండగా వేయాలి, ఆ ఇద్దరూ సంతకం చేయాలి. వాటా పొందేవాళ్లను సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. రిజిస్టరు చేయడం తప్పనిసరి కాదు, చేస్తే రేపు "ఇది దొంగ కాగితం" అనేవాని నోరు మూస్తుంది. తన వంతును మాత్రమే రాయగలడు. ఉమ్మడి ఆస్తి మొత్తాన్ని ఒక కొడుకుకు రాసినా మిగతావారి వాటాలు పోవు.

దానపత్రం రాసి రిజిస్టరు చేసిన రోజే ఆస్తి చేయి దాటుతుంది. బువ్వ పెడతామని రాయించుకుని ముసలివాళ్లను బయటికి నెట్టిన కొడుకులున్నారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, పోషించాలనే షరతు మీద ఇచ్చిన దానాన్ని ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. కాబట్టి "నన్ను పోషించే షరతుపై ఇస్తున్నాను" అని పత్రంలోనే రాయించండి. నోటిమాట నమ్మవద్దు.

జి.పి.ఏ. అంటే మన తరఫున పని చేయమని ఇచ్చే అధికారం మాత్రమే. దానితో భూమి యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. సాధారణ జి.పి.ఏ. ఇచ్చిన మనిషి చనిపోగానే చెల్లకుండా పోతుంది. "మీ నాయన నాకు పవరిచ్చిండు" అంటూ చావు తర్వాత వచ్చేవానికి వెంటనే తల ఊపకండి. కాగితం అడిగి, తెలిసినవానికి చూపించండి.

మైనరు పిల్లల సొంత వాటాను కోర్టు అనుమతి లేకుండా తల్లిదండ్రులు సైతం అమ్మకూడదు. తండ్రి లేని పిల్లల భూమి మీద మేనమామలు, పెదనాయనలు సంతకాలు చేసిన చోటల్లా ఈ సంగతి అడగాలి.

అప్పు కూడా వారసత్వమేనా?

తండ్రి పోయిన పదో రోజే వడ్డీ వ్యాపారి ప్రామిసరీ నోటు పట్టుకుని ఇంటికొస్తాడు. "మీ నాయన బాకీ నువ్వే తీర్చాలె" అంటాడు. తండ్రి వదిలిన ఆస్తి కొడుకు చేతికి వచ్చినంత మేరకే ఆ బాకీకి బాధ్యత ఉంటుంది. కొడుకు సొంత కూలి డబ్బు మీద, అతను సొంతంగా సంపాదించిన దాని మీద హక్కు లేదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మమనే పాత హిందూ న్యాయసూత్రాన్ని ఆసరా చేసుకుని, తర్వాత చేసిన అప్పుల కోసం కొడుకుల మీద దావా వేసే వీలును 2005 సవరణ తీసివేసింది. తండ్రి ఒక్క గుంట కూడా వదలకుండా పోతే ఆ అప్పుకు మనవడి దాకా వెట్టి చేయనక్కర లేదు. ఈ ఒక్క ముక్క తెలియక ఊరు విడిచి ఈ అడ్డాల మీదికి వచ్చి పడినవాళ్లు ఎందరో!

చావు తర్వాత చేయవలసిన పని

మొదటిది, 21 రోజుల్లోగా మరణాన్ని నమోదు చేయించి ధ్రువపత్రం తీసుకోవాలి. రెండోది, మీసేవ ద్వారా తహసీల్దారు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం పొందాలి. అందులో ఆడబిడ్డల పేర్లు, చనిపోయిన కొడుకు భార్యాపిల్లల పేర్లు వదలకూడదు. వదిలితే రేపు అదే కేసవుతుంది. మూడోది, సాగు భూమి అయితే తహసీల్దారు దగ్గర విరాసతు దరఖాస్తు పెట్టాలి. ఇల్లు, ఇంటి జాగా అయితే వారసుల మధ్య పంపకం పత్రాన్ని సబ్ రిజిస్ట్రారు దగ్గర రిజిస్టరు చేసుకుని, మునిసిపాలిటీ పన్ను రికార్డులోనో పంచాయతీ రికార్డులోనో పేరు మార్పించాలి.

తెలంగాణలో 2020 అక్టోబరు నుంచి ధరణి నడిచింది. తహసీల్దారు తప్పు చేస్తే పై అధికారికి అప్పీలు చేసుకునే దారి 2020 చట్టంలో లేకపోయింది. 2025 ఏప్రిల్ 14న భూభారతి చట్టం వచ్చింది. వారసత్వ మార్పిడికి ముందు తహసీల్దారు వారసులకు నోటీసు ఇచ్చి విచారణ చేయాలి. ఆర్.డి.వో.కు, ఆ పైన కలెక్టరుకు అప్పీలు చేసుకోవచ్చు. చట్టంలో ఉన్నంత మాత్రాన ఆఫీసులో జరగదు. దరఖాస్తు రసీదు తీసుకోండి, తారీఖు రాసి పెట్టుకోండి, నలుగురు కలిసి పోయి అడగండి.

ఆలస్యం ఖరీదు ఎంతో రైతు బీమా చూపిస్తుంది. 2018 ఆగస్టులో మొదలైన ఈ పథకంలో 18 నుంచి 59 ఏళ్ల పట్టాదారు చనిపోతే నామినీకి 5 లక్షలు ఇవ్వాలన్నది నిబంధన. పట్టా చనిపోయిన తండ్రి పేరునో, అరవై దాటిన తండ్రి పేరునో ఉంటే, దున్నుతున్న కొడుకు పురుగుమందు కొడుతూ పడిపోయినా వాని భార్యకు పైసా రాదు. కౌలుదారుకూ, కూలికీ మొదటినుంచీ ఈ పథకంలో చోటు లేదు. ఆ పోరాటం వేరే ఉన్నది. ఉన్న హక్కును కాగితం లేక పోగొట్టుకోవడం మాత్రం మన చేతులారా చేసుకుంటున్నది.

నామినీ సంగతి మరొకటి. బ్యాంకు ఖాతాలో నామినీ అంటే సొమ్ము అందుకునే మనిషి. ఆ సొమ్ము చట్టప్రకారం వారసులందరిదీ. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉన్నవాళ్లు, పెళ్లికి ముందు రాసిన నామినీ పేరు పెళ్లి తర్వాత మార్చారో లేదో చూసుకోవాలి.

ఊరు ఊరంతా చేయవలసిన పని

స్త్రీలకు, దళితులకు, గిరిజనులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం చెబుతున్నది. 15100కు ఫోను చేసినా దారి చెబుతారు. అయినా ఒంటరిగా పోయిన కూలివాణ్ణి ఏ ఆఫీసూ కూర్చోబెట్టదు. కనుక కార్యకర్తలు ఒక పని తలకెత్తుకోవాలి. ఊళ్లో ఒక సాయంత్రం కూర్చుని, చనిపోయినవాళ్ల పేర్ల మీదనే ఉన్న పట్టాలు ఎన్నో జాబితా రాయాలి. పాత పహాణీలు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ, రక్షిత కౌలుదార్ల రిజిస్టరు నకళ్లు తెప్పించి బహిరంగంగా చదవాలి. దళారి రహస్యంగా చదివే కాగితాన్ని మనం రచ్చబండ మీద చదివితే వాని వ్యాపారం సగం ఆగిపోతుంది.

నగరం ఇంకా పాకుతూనే ఉన్నది. ఈ రోజు కోకాపేట, రేపు శంకరపల్లి, ఎల్లుండి షాద్‌నగరు అవతలి ఊరు. అక్కడి మెట్ట పొలాలు ఈనాడు అగ్గువే. ఆ పొలాల పట్టాలలో ఎన్నో పోయినవాళ్ల పేర్ల మీద ఉన్నాయి. అడ్డా మీద మాట్లాడిన ఆ పాలమూరు అన్న వచ్చే దసరాకు ఊరికి పోయినప్పుడు అక్కచెల్లెళ్లను, తమ్ముళ్లను పిలిచి ఒక పూట కూర్చోవాలి. నాయన ఫోటో ముందు ఆ ఎకరం లెక్క తేల్చుకుని, మరునాడు కలిసి తహసీల్దారు ఆఫీసుకు నడవాలి. ఒక రోజు కూలి పోతుంది, భూమి మిగులుతుంది.